పనీరు: కొనుటయా? చేసికొనుటయా?

15 ఏండ్ల క్రిందటి మాట. మా యింట విందునకు వచ్చిన పెద్దమ్మగారొకరు విస్తరిలో వడ్డించిన తెల్లని ముక్కలను చూచి, "ఇదేమి కూరే అమ్మాయీ?" అని యడిగిరి. "పనీరు కూర, పెద్దమ్మా" అంటిమి. ఆమె ముక్కున వ్రేలు వైచికొని, "పన్నీరు పెండ్లిలో చల్లుదురు గాని కూర వండుదురటే!" అనిరి. పంక్తిలో కూర్చున్నవారందఱును నవ్విరి.

కాని పెద్దమ్మగారి సందేహము నవ్వి విడిచిపెట్టదగినది కాదు. మన భాషలో పన్నీరనగా గులాబిపూవుల పరిమళజలము. శుభకార్యములలో అతిథులపై చిలుకరించునది. పనీరన్నది పారసీకమునుండి వచ్చిన మాట. పాలను గడ్డకట్టించి చేయు పదార్థమునకు అది పేరు. మన జున్ను వేఱు. ఈనిన ఆవుయొక్కగాని గేదెయొక్కగాని మొదటి దినముల పాలను బెల్లముతోను మిరియములతోను కాచగా తనంతట గట్టిపడునది జున్ను. మామూలు పాలను కాచి, పులుపు చేర్చి విఱిచి, తేట వార్చి, బరువుపెట్టి గట్టిపఱచినది పనీరు.

ఈ 15 ఏండ్లలో పనీరు మన పెండ్లిభోజనములలోనికి, పిల్లల బడిడబ్బాలలోనికి, పల్లెటూరి అంగళ్లలోనికి కూడ వచ్చి చేరినది. అయినను మనకును దానికిని ఇంకను సరియైన పరిచయము కలుగలేదని మా యభిప్రాయము. నేయి కొనునప్పుడు మన యిల్లాలు వేలితో తీసి అరచేత రాచి వాసన చూచును. పెరుగును గరిటెతో కదపి చూచును. పాలలో నీరెంతయో పొంగును బట్టియే చెప్పును. అట్టి యిల్లాలే పనీరును మాత్రము కన్నులు మూసికొని కొనుచున్నది. ఏలయన నేయి, పెరుగు తరతరములుగా మన చేతులతో చేసికొన్నవి. పనీరు అట్లు చేసికొన్నది కాదు. తాను చేయని వస్తువుయొక్క మంచిచెడ్డలు చేతికి తెలియవు. ఆ తెలివి కలిగించుటయే ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

విఱిగిన పాలు అపశకునమా?

మన యిండ్లలో పాలు విఱిగినవన్నచో మనస్సు చివుక్కుమనును. స్నేహము చెడినను మనస్సు విఱిగినదనియే అందుము. కావున బుద్ధిపూర్వకముగా పాలు విఱుగగొట్టుట పెద్దలకు మొదట రుచింపలేదు. ఐనను ఈ పని మన దేశమునకు క్రొత్తది కాదు. కళ్యాణి చాళుక్యప్రభువైన మూడవ సోమేశ్వరుడు 12వ శతాబ్దిలో సంస్కృతమున రచించిన మానసోల్లాసములో, కాచిన పాలను పులుపుతో విఱిచి, గుడ్డలో వడియగట్టి, ఆ ముద్దతో భక్ష్యములు చేయు విధము చెప్పబడియున్నది. కళ్యాణి మన తెలంగాణమునకు ఇరుగుపొరుగే. వంగదేశమునను ఒడిస్సాలోను ఈ విఱిగిన పాలముద్దను ఛెన్న యందురు. రసగుల్ల దానితో చేసినదే. బరంపురము ప్రాంతమునను శ్రీకాకుళము సరిహద్దునను కాపురముండు మన తెలుగువారికి ఛెన్న మిఠాయిలు ఎఱుకయే. ఛెన్నకును పనీరునకును భేదము స్వల్పము: నొక్కిపెట్టక మెత్తగా నుంచినది ఛెన్న, బరువు పెట్టి ముక్కలు కోయుటకు అనువుగా చేసినది పనీరు.

అంతయేల? పొయ్యిమీది పాలు ఎండకాలమున విఱిగినప్పుడు మన అమ్మలు వానిని పాఱబోయక పంచదార వేసి దగ్గఱకు ఉడికించి పిల్లల చేతులలో పెట్టెడివారు కదా! ఆ గుణము మన యింటిలో మొదటినుండియు నున్నదే.

మా చుట్టములయింటి సంగతి

రెండేండ్ల క్రిందట మా దగ్గఱి చుట్టములయింట ఎనిమిదేండ్ల బాలిక విషజ్వరము పడి లేచినది. బిడ్డ మిక్కిలి చిక్కిపోయెను. మాంసకృత్తులు గల ఆహారము పెట్టుడని వైద్యులు చెప్పిరి. ఆ యింట గ్రుడ్డు ముట్టరు. అందుచే తల్లి వీథిచివర అంగడిలో విడిగా అమ్ము పనీరును తెచ్చి దినదినమును వేయించి పెట్టుచుండెను. వెల తక్కువ, ముక్క తెల్లన, కోయుటకు సులభము. "దేవుడిచ్చినట్లు దొరికినది, వదినా" అని మాతో చెప్పి సంతోషించెను.

నెలదినములు గడచినను బిడ్డ తేఱుకొనలేదు. ఒకనాడు మేము ఆ యింటికి పోయినప్పుడు మూకుటిలో పనీరు వేగుచున్నది. ముక్కలనుండి నూనె ఊరి తేలుచున్నది. పాలవాసన లేశమైనను లేదు. ఒక ముక్క నోట వేసికొనగా రబ్బరువలె సాగినది. మాకు అనుమానము కలిగి, మిగిలిన పచ్చిముక్కను కొంచెము నీటిలో ఉడికించి, చల్లార్చి, గాయములకు పూయు టింక్చర్ అయోడిను రెండు చుక్కలు వేసితిమి. గిన్నెలోని నీరు నీలిరంగు తిరిగినది. పనీరులో ఉండకూడని పిండి దానిలో నున్నదని తేలినది. అందులోని నూనె ఏదో మా కంటికి తెలియలేదు. పరీక్షాశాలకు పంపలేదు గనుక దానినిగూర్చి మేమేమియు చెప్పము. ఆ తల్లి గిన్నెవంక చూచి, "నెలనుండి నా బిడ్డకు ఇదియా పెట్టినాను!" అని కన్నీరు పెట్టుకొన్నది. మోసపోయిన డబ్బు కొంచెమే. బలము పెట్టుచున్నానను నమ్మకముతో ఆమె పోగొట్టుకొన్న నెలదినములు మాత్రము తిరిగి వచ్చునవి కావు.

బిడ్డ తేఱుకొనకపోవుటకు అదియొక్కటే కారణమని మేము చెప్పజాలము. రోగముయొక్క నీరసమునకు అనేక కారణములుండును. కాని పాలసారమని పెట్టినదానిలో పాలు ఎంతయున్నవో తల్లికి తెలియకపోవుట పెద్ద లోపము కాదా?

ఆ సాయంకాలమే రెండు లీటర్ల గేదెపాలు తెప్పించి, ఆమె ప్రక్కన నిలిచి, పనీరు చేసి చూపితిమి. గంటన్నరలో ముగిసినది. "ఇంతేనా, వదినా!" అని ఆమె ఆశ్చర్యపడినది. ఆ "ఇంతేనా" యను మాటయే మా చేత ఈ వ్యాసము వ్రాయించుచున్నది.

కావలసిన వస్తువులు

వెన్న తీయని గేదెపాలు 1 లీటరు. గేదెపాలలో వెన్నయు మాంసకృత్తులును కాల్షియమును ఆవుపాలలోకంటె హెచ్చు. కావున పనీరు ఎక్కువగా వచ్చును, ముక్క నిలుచును. ఆవుపాలతో చేసినది మెత్తన; అది రసగుల్లవంటి మిఠాయిలకు శ్రేష్ఠము. పొట్లపు పాలు కొనువారు పొట్లముమీది అక్షరములు చదువవలెను. ఫుల్ క్రీమ్ పాలలో నూటికి 6 వంతుల వెన్న యుండవలెను; టోన్డ్ పాలలో 3 వంతులు, డబుల్ టోన్డ్ పాలలో ఒకటిన్నర వంతు. మొదటిరకము పనీరునకు మిక్కిలి తగినది. కడపటిదానితో చేసినచో ముక్క గట్టిగాను పిట్టుగాను నుండును.

విఱుచుటకు పులుపు ఏదైన నొకటి: నిమ్మరసము పెద్ద చెంచాలు రెండు, లేదా నిమ్మ ఉప్పు 2 గ్రాములు, అనగా చిన్నచెంచాలో సగమునకు కొంచెము తక్కువ. పుల్లని పెరుగుతోను విఱుచవచ్చును గాని ఎక్కువ పట్టును. నిమ్మరసమునకు సమముగా వేడినీరు కలుపవలెను. నిమ్మ ఉప్పును అరగ్లాసు వేడినీటిలో కరగించి యుంచవలెను. ఉతికి, వేడినీటిలో మరగించి ఆరవేసిన పలుచని నూలుగుడ్డ, చిల్లుల గిన్నె, బరువు పెట్టుటకు నీరు నింపిన చెంబుగాని కడిగిన పొత్రముగాని యున్నచో సరంజామా పూర్తియైనది.

చేయు విధము

అడుగు మందమైన గిన్నెలో పాలు పోసి, అడుగంటకుండ గరిటెతో కలుపుచు పొంగు వచ్చువఱకు కాచవలెను. పొంగు రాగానే పొయ్యి ఆర్పి నాలుగైదు నిమిషములు ఆగవలెను. ఇక్కడ తొందరపడరాదు. తెరలుచున్న పాలలో పులుపు పోసినచో ముద్ద బిఱుసెక్కును. మిక్కిలి చల్లారినచో విఱుగుట సరిగా జరుగక ముద్ద నీరుగా నుండును.

పిమ్మట పులుపునీటిని ఒక్కమారుగా గుమ్మరింపక, సన్నని ధారగా కొంచెము కొంచెము పోయుచు, గరిటెను మెల్లగా త్రిప్పవలెను. పెరుగు చిలికినట్లు త్రిప్పినచో ముద్ద ముక్కచెక్కలై తేటలో కలిసి పోవును. మొదట పాలమీద చిన్న చిన్న రవలు కనబడును. తరువాత అవి దూదివలె కూడుకొనును. తేట పచ్చఛాయగలదై, అడుగునుండు ముద్ద కనబడునంత నిర్మలమైనప్పుడు పులుపు చాలినదని గ్రహింపవలెను. తేట ఇంకను తెల్లగానున్నచో మఱి నాలుగు చుక్కలు పోయవలెను. తేట నిర్మలమైన పిదప ఒక్క చుక్కయు పోయరాదు. ఇదియే ఈ పనిలోని కీలకము.

ఐదు నిమిషములు కదలింపక మూతపెట్టి యుంచి, గుడ్డ పఱచిన చిల్లుల గిన్నెలో వంపవలెను. తేట పాఱబోయక క్రింద నొక గిన్నెలో పట్టవలెను. పులుపువాసన పోవుటకై ముద్దమీద ఒక గ్లాసెడు చల్లని మంచినీరు పోయవలెను. గుడ్డ కొసలు చేర్చి, నీరు కారునట్లు మెత్తగా పిడిచి, పీటమీద అంగుళము మందమున చదరముగా మడిచి, పైన పళ్లెముంచి, రెండు కిలోల బరువు పెట్టవలెను. అరగంటనుండి ముప్పావుగంటవఱకు చాలును. తరువాత గుడ్డ విప్పి, ఆ గడ్డను చల్లని నీటిలో గంటసేపు వేసినచో ముక్క బిగిసి, చక్కగా కోతకు వచ్చును. మన యెండలకు రాత్రియెల్ల బయట వ్రేలాడగట్టుట తగదు, పులిసి చెడిపోవును.

ఇందలి మర్మమేమనగా: పాలలోని మాంసకృత్తులలో నూటికి సుమారు 80 వంతులు కేసీను అనునది. అది పాలలో సన్నని రేణువులై తేలుచుండును. వేడిమిచే తక్కిన మాంసకృత్తులు కూడ దానికి అంటుకొనును. పులుపు తగులగానే ఆ రేణువులు ఒండొంటిని పట్టుకొని, వెన్నను తమలో చిక్కించుకొని ముద్దయగును. పాలలోని చక్కెర మాత్రము చాలవఱకు తేటతో పోవును. పాలు బాగుగా కాగనిచో కొన్ని మాంసకృత్తులు తేటపాలై, ముద్ద తగ్గును. కావున మొదట పొంగురానిచ్చుట అవసరము.

చెడుటకు కారణములు

పనీరు పొడిపొడిగా రాలినచో పాలలో వెన్న తక్కువయైనదనియో, బరువు చాలలేదనియో తెలిసికొనవలెను. బిఱుసుగానున్నచో పులుపు హెచ్చినది, లేదా విఱిగిన తరువాత మరల పొయ్యిమీద నుంచి ఉడికించితిరి. పాలు విఱుగనే లేదన్నచో పులుపు చాలలేదు, లేదా పాలు చల్లారిపోయినవి. కొంచెము వేడిచేసి మరల పులుపు చేర్చిన సరిపోవును. తమంతట విఱిగిన పాలు దుర్వాసన లేక, అప్పుడే విఱిగినవైనచో పంచదారతో ఉడికించుకొనవచ్చును. దుర్వాసనగాని చేదుగాని యున్నచో మొగమోటము లేక పాఱబోయవలెను. అట్టివానితో పనీరు చేయరాదు.

వెల చెప్పు సాక్ష్యము

లీటరు చిక్కని గేదెపాలకు సుమారు 200 గ్రాముల పనీరు వచ్చును. ఆవుపాలకు సుమారు 150 గ్రాములు. అనగా కిలో పనీరునకు గేదెపాలు సుమారు 5 లీటర్లు పట్టును. మా సోదరీమణులు తక్కిన వ్యాసమంతయు మఱచినను ఈ యొక్క లెక్క మఱవరాదు. లీటరు పాలవెల 80 రూపాయలైనచో, కిలో పనీరునకు పాలకే 400 రూపాయలైనవి. వంటచెఱకు, కూలి, అద్దె, రవాణా, లాభము దానిపైని.

పెద్దయెత్తున చేయువారికి పాలు మనకంటె చవుకగా దొరకును; తేటను కూడ అమ్ముకొందురు. వెన్న కొంత తీసిన పాలతో చేయు తక్కువ వెన్న పనీరు కూడ కలదు. కావున అంగడివెల మన యింటిలెక్కకు కొంచెము తగ్గవచ్చును. అంతమాత్రముననే దోషమెంచరాదు. కాని పాలవెలలో సగమునకే కిలో పనీరు వచ్చుచున్నదన్నచో, "ఐదు లీటర్ల పాలు ఎక్కడ పోయినవి?" అని అడుగుట మన విధి. మా చుట్టము ఆనాడు ఈ లెక్క వేసియున్నచో అంగడిలోనే నిలిచిపోయియుండెడిది. లెక్క యిల్లాలికి కత్తిపీటవలె చేతికందు పనిముట్టు.

కొనక తప్పనప్పుడు

ఎల్లప్పుడును ఇంటనే చేయుడని మేము చెప్పము. ఉద్యోగమునకు పోవు స్త్రీలకును, పదుగురికి వండువారికిని కొనుటయే అనుకూలము. అట్లు కొనునప్పుడు విడిగా అమ్మునదానికంటె మూతపెట్టిన పొట్లము మేలు. ఏలయన పొట్లముమీద అక్షరములుండును. వానిని చదువవలెను. చేర్చిన వస్తువుల పట్టికలో పాలు, పులుపు తప్ప ఇతరములు స్వల్పముగా నుండవలెను. పామాయిలనియో, వనస్పతియనియో, వెజిటబుల్ ఫ్యాట్ అనియో కనబడినచో అది పనీరు కాదు. పాలలోని వెన్నకుగాని మాంసకృత్తులకుగాని బదులు వేఱు వస్తువు చేర్చినదానిని అనలాగ్ అందురు. ఆ పేరుతో, సంగతి దాచక అమ్ముటకు అనుమతి కలదు. పనీరని చెప్పి అమ్ముటను చట్టము ఒప్పదు. ఆహార భద్రతా ప్రమాణముల చట్టము 2006లో వచ్చినది. దాని క్రింది నియమముల ప్రకారము పనీరులో నీరు నూటికి 60 వంతులు మించరాదు. నీరు తీసివేయగా మిగిలిన పదార్థములో పాలవెన్న సగమునకు తగ్గరాదు. తక్కువ వెన్నగలవాని పొట్లముమీద ఆ సంగతి వ్రాసియుండవలెను.

పొట్లము ఉబ్బియున్నను, లోపల జిగురునీరు చేరియున్నను కొనరాదు. గడువుతేదీ చూడవలెను. ఎండలో బల్లమీద గంటలకొలది పెట్టి అమ్మునది ఎంత చవుకయైనను వలదు. ఇంత తడియు మాంసకృత్తులును గల పదార్థములో సూక్ష్మజీవులు శీఘ్రముగా పెరుగును. ఇంటికి తెచ్చిన వెంటనే ఫ్రిజ్జులో పెట్టి, పొట్లము విప్పినదానిని చల్లని నీటిలో మునుగునట్లుంచి, దినమునకొకమారు నీరు మార్చుచు, రెండు మూడు దినములలో వాడుకొనవలెను. ఇంట చేసినదానికిని ఇదియే నియమము. పుల్లని కంపు, జిగురు, పసుపుమచ్చలు కనబడినచో పాఱవేయవలెను.

పరీక్షలలో నిజమెంత?

పిండి కలిసినదా యని తెలిసికొనుటకు పైని చెప్పిన అయోడిను పరీక్ష ఇంట చేయదగినదే. పనీరు రెండు మూడు గ్రాములు తీసికొని, శుభ్రమైన గిన్నెలో నీటితో ఉడికించి, పూర్తిగా చల్లారిన తరువాత రెండు చుక్కలు వేయవలెను. నీలిరంగు తిరిగినచో పిండి కలదు. బియ్యపుపిండి అంటిన చేతితోగాని గిన్నెతోగాని చేసినచో మంచి పనీరును దొంగయని అందుము, జాగ్రత్త. పరీక్షించినదానిని తినరాదు.

కందిపిండి చల్లి పనీరు మంచిచెడ్డలు తెలిసికొనవచ్చునని ఈ నడుమ పలువురు చెప్పుకొనుచున్నారు. కందిపిండి పరీక్ష పాలలో యూరియా కలిసినదా యని చూచుటకు ఉద్దేశింపబడినది. దానికి లిట్మసు కాగితము కూడ కావలెను. పనీరులో నూనె కలిసినదో లేదో అది చెప్పజాలదు. పాలవెన్నకు బదులు వేఱు నూనె చేర్చినారా యన్నది వంటింట తేలునది కాదు, పరీక్షాశాలలోనే తేలవలెను. సాగుట, రాలుట, నూనె ఊరుట అనుమానమునకు కారణములే గాని ఋజువులు కావు. అనుమానము బలమైనచో, రుసుము చెల్లించి ఆహారపదార్థమును ప్రభుత్వ పరీక్షకుని చేత పరీక్షింపజేసికొను హక్కు కొనుగోలుదారునకు 2006 చట్టముయొక్క 40వ విభాగముచే కలదు. జిల్లాలోని ఆహార భద్రతాధికారికి ఫిర్యాదు చేయవచ్చును. కొన్న చీటీ దాచుకొనుట మఱవరాదు.

తేటను పాఱబోయకుడు

లీటరు పాలకు ముప్పావు లీటరుకు పైగా తేట మిగులును. అందులో పాలచక్కెరయు, కొన్ని లవణములును, నీటిలో కరగు విటమినులును ఉండును. దాని పచ్చఛాయ రైబోఫ్లేవిను అను విటమినుది. చపాతి పిండి ఈ తేటతో కలిపినచో మెత్తగా వచ్చును. చారులో నీటికి బదులు పోసినచో చింతపండు తగ్గించుకొనవచ్చును. పప్పు ముందు నీటిలో ఉడికిన తరువాతనే తేట పోయవలెను. పులుపు ముందు తగిలిన పప్పు త్వరగా ఉడకదు. ఫ్రిజ్జులో రెండు దినములు నిలుచును.

మన వంటలో దాని స్థానము

100 గ్రాముల పనీరులో మాంసకృత్తులు సుమారు 18 గ్రాములుండును. కాల్షియమును సమృద్ధిగా నుండును. గ్రుడ్డు తినని యిండ్లకు ఇది మంచి సాయము. కాని వెన్నయు అధికమే గనుక, నూనెలో ముంచి వేయించి మీగడలో ముంచి వండుట ఇంటిభోజనమునకు దినదినమును తగదు. మూత్రపిండముల జబ్బు గలవారు వైద్యుల నడిగి తినవలెను. పాలు పడనివారికి ఇదియు పడకపోవచ్చును.

పెద్దమ్మగారివంటి వారికి కూడ నచ్చు వంటకమొకటి చెప్పెదము. మూకుటిలో రెండు చెంచాల నూనె కాగిన తరువాత ఆవాలు, జీలకఱ్ఱ, ఎండుమిరపకాయ, కరివేపాకు వేసి, తఱిగిన ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ, అల్లము చేర్చి మగ్గనిచ్చి, పసుపు, ఉప్పు వేయవలెను. 200 గ్రాముల పనీరు చేతితో చిదిమి వేసి, రెండు మూడు నిమిషములు మాత్రము కలిపి, కొత్తిమీర చల్లి దింపవలెను. ఇది పనీరు పొరుటు. అన్నమునకును చపాతికిని ఇముడును. ఎక్కువసేపు వేగినచో బిఱుసెక్కును. ముక్కలు వేయించి కూరలో వేయదలచినవారు వేయించినవెంటనే గోరువెచ్చని ఉప్పునీటిలో పది నిమిషములుంచినచో మెత్తబడును.

కడమాట

సోదరీమణులారా! అన్నివేళల కొనవద్దనిగాని, అన్నివేళల చేసికొనవలెననిగాని మేము శాసింపము. మేము కోరునది ఒక్కటే. ఈ నెలలో ఒక ఆదివారమునాడు ఒక లీటరు పాలు కాచి, ఒక్కమారు స్వయముగా పనీరు చేసి చూడుడు. మీ యాడుబిడ్డలను మగబిడ్డలను కూడ ప్రక్కన నిలువబెట్టుకొనుడు. పాలవాసన ఎట్లుండునో, వ్రేలితో నొక్కినప్పుడు ఎట్లు లొంగునో, నోటిలో ఎట్లు కరగునో మీ చేతికిని నాలుకకును తెలియును. ఎంత పాలకు ఎంత వచ్చినదో తూచి, వంటింటి గోడమీది క్యాలెండరుపై వ్రాసికొనుడు. ఆ తరువాత అంగడిలో మిమ్ము ఎవరును తేలికగా మోసపుచ్చజాలరు.

ఆ బాలిక యిప్పుడు కులాసాగా నున్నది. ఆదివారమునాడు వాళ్ల యింట పాలు విఱుచుట ఆమె పనియే. మొన్న మేము పోయినప్పుడు గరిటె పట్టుకొని, తేటవంక వంగి చూచుచు, "చాలు అత్తయ్యా, ఇంక ఒక్క చుక్క కూడ పోయగూడదు!" అని మాకే బుద్ధి చెప్పినది.